అరణ్యపర్వంలో రెండు నెలలు

“ఏం మాస్టారూ, ఇంకా సెలవులేనా?”

జూన్ నెల రెండో వారంలో, మా వీధి పాలకొట్టు దగ్గర, ఈ ప్రశ్న వేసినాయనకి ఏ దురుద్దేశమూ లేదు. తెల్లవారి ఆరుగంటలకల్లా కాలేజీ బస్సు ఎక్కవలసినవాణ్ణి ఏడున్నరకి లుంగీతో కనబడితే ఎవరైనా అడిగే మాటే అది. “అవునండీ, ఇంకో నాలుగు రోజులున్నాయి” అన్నాను. ఇరవై ఒక్క సంవత్సరాలపాటు పిల్లలకి హరిశ్చంద్రుడి కథ పాఠం చెప్పినవాణ్ణి నేను! అర లీటరు పాలపాకెట్టు చేతిలో పట్టుకుని, అడిగినాయన కళ్లలోకి చూస్తూ, తడుముకోకుండా అబద్ధం ఆడేశాను.

నిజం ఏమిటంటే, నా ఉద్యోగం పోయింది. పోయిందని కూడా ఎవరూ అనలేదు. అంటే అదో తృప్తి. ఏప్రిల్ నెలాఖరున యాజమాన్యంవారు పిలిచి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, మర్యాదగా చెప్పారు: “పిల్లలందరూ రెండో భాషగా సంస్కృతమే తీసుకుంటున్నారు. మార్కులు బాగా వస్తాయని తల్లిదండ్రుల పట్టుదల. ఈ యేడు తెలుగు సెక్షను ఉంటుందో ఉండదో తెలియదు. ఉంటే కబురు చేస్తాం.” తెలుగు ఎమ్.ఏ. చదివినవాడికి తెలుగుదేశంలో, బెజవాడ నడిబొడ్డున, తెలుగుకి చోటు లేదని తెలుగులోనే చెప్పారు. నేను మజ్జిగ తాగి, దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి నన్ను ఓదార్చాడు. “దీన్ని కెరీర్ బ్రేక్ అంటారు నాన్నా. పెద్ద పెద్దవాళ్లు కావాలని తీసుకుంటారు.” కావాలని తీసుకునేవాడికీ, వద్దన్నా నెత్తిన పడ్డవాడికీ ఉన్న తేడా వాడికి ఆ వయసులో తెలియదు. వాడి కాలేజీ ఫీజు గడువు మాత్రం నాకు బాగా తెలుసు.

మా ఆవిడ ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఆవిడ జీతమే ఆ రోజుల్లో మాకు అక్షయపాత్ర. అయితే భారతంలో అక్షయపాత్ర ద్రౌపది భోంచేసేవరకే పనిచేసేదని మీకు తెలుసు గదా! మా ఇంట్లో ప్రతి నెలా ఇరవయ్యో తారీఖుకే ద్రౌపది భోజనం అయిపోయేది.

నేను నాలుగు కాలేజీలకి దరఖాస్తులు పెట్టాను. ఫోను మోగినప్పుడల్లా గుండె దడదడలాడేది. మోగకపోతే మరీనూ. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఒక్క ఆదివారం నిద్రపోతే చాలని మొక్కుకున్నవాణ్ణి, ఇప్పుడు వారానికి ఏడు ఆదివారాలు దొరికినా కన్ను మూతపడేది కాదు. నాలుగున్నరకి మెలకువ వచ్చేది. చీకట్లో పంట్లాము వేసుకుని, బెల్టు పెట్టుకుంటుండగా, ఎక్కడికీ వెళ్లక్కరలేదని గుర్తుకు వచ్చేది. ఒకరోజు మా ఆవిడ లేచి చూసింది. ఏమీ అనలేదు. పొద్దున్న కాఫీ ఇస్తూ, “అత్తయ్యగారి దగ్గరికి వెళ్లి కొన్నాళ్లుండి రండి. ఇక్కడ మీరు ఫోనుకి కాపలా కాస్తున్నారు. అది నేనూ కాయగలను” అన్నది.

మా అమ్మ వేటపాలెంలో ఉంటుంది. బెజవాడనుంచి తెనాలి, బాపట్ల దాటి, చీరాల తరవాత వచ్చే స్టేషను. చేనేతకీ, జీడిపప్పుకీ పేరుపడ్డ ఊరు. నేను పుట్టి పెరిగింది అక్కడే. పండక్కి వెళ్లి మర్నాడు తిరిగి వచ్చెయ్యడమే తప్ప, ఇరవై ఏళ్లలో నాలుగు రోజులు నిలకడగా ఉన్న పాపాన పోలేదు.

అమ్మ నన్ను ఎగాదిగా చూసి, “చిక్కిపోయావురా” అన్నది. ఎనభై కిలోలున్నవాణ్ణి చూసి ఆ మాట అనగలిగేది తల్లి ఒక్కతే! ఉద్యోగం సంగతి ఎత్తలేదు. ఎత్తుతుందేమోనని నేను రెండు రోజులు తప్పించుకు తిరిగాను. మూడోనాడు గోంగూర పచ్చడితో అన్నం పెట్టి, “పెరట్లో వేపచెట్టు కింద మంచం వేశాను, పడుకో నాయనా. నిద్రకి కూడా ముహూర్తం చూసుకుంటావేమిటి?” అన్నది. పడుకున్నాను. లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆ వారం రోజులూ తినడం, పడుకోవడం తప్ప ఇంకో పని చేయలేదు. ఇరవై ఒక్క సంవత్సరాల నిద్ర బాకీ ఉన్నదని అంతవరకూ నాకు తెలియదు. అప్పులవాడు వాకిట్లోంచి లేచి వెళ్లినట్టుగా, వారం తరవాత ఒంట్లోంచి ఏదో దిగిపోయింది.

కానీ ఒళ్లు తేరుకున్నంత మాత్రాన మనసు ఊరుకుంటుందా? దానికి ఏదో ఒక పని కావాలి. అప్పుడు కాళ్లు వాటంతటవే సారస్వత నికేతనం వైపు నడిచాయి.

ఈ గ్రంథాలయం గురించి తెలియని పాఠకులకోసం రెండు మాటలు. 1918 లో వెలసిన సంస్థ ఇది. ఇప్పుడున్న భవనానికి 1929 లో మహాత్మాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఈనాటికీ అక్కడ భద్రంగా ఉన్నది. పాత పత్రికల సంపుటాలకోసం పరిశోధకులు ఎక్కడెక్కడినుంచో వెతుక్కుంటూ వస్తారు. అంతటి గ్రంథాలయం మా ఇంటికి నడక దూరంలో ఉండబట్టే నేను తెలుగు ఎమ్.ఏ. అయ్యాను. అంచేత, ఇప్పుడు ఉద్యోగం పోవడానికి మూలకారణం కూడా ఒకవిధంగా అదే!

అక్కడ కూర్చుని ఏం చదవాలో తోచక భారతం తీశాను. అరణ్యపర్వం. ఎందుకు అదే తీశానంటే, రాజ్యం పోయినవాళ్ల కథ గనక, నా పరిస్థితికి దగ్గరగా ఉంటుందని. ఆ మాటకొస్తే ఆ పర్వాన్ని నేను ఎన్నోసార్లు పాఠం చెప్పాను. చెప్పడం అంటే, ఏ ప్రశ్నకి ఎన్ని మార్కులు, సందర్భం ఎలా రాయాలి, కవికాలం ఎంత — ఇదీ వరస. పరీక్ష లేకుండా ఆ పర్వం చదవడం అదే మొదలు.

చదువుతుంటే ఒక సంగతి తట్టింది. పాండవులు అడవిలో పన్నెండేళ్లు ఉన్నారంటే, రాజ్యం ఎప్పుడు వస్తుందా అని పన్నెండేళ్లూ రోజులు లెక్కపెట్టారని నేను అనుకునేవాణ్ణి. కాదు. ఆ పన్నెండేళ్లూ వాళ్లు కథలు విన్నారు. తీర్థాలు తిరిగారు. వచ్చిన మునికల్లా ఆతిథ్యం ఇచ్చారు. నలుడి కథ, సావిత్రి కథ, రాముడి కథ — ఇవన్నీ భారతంలోకి వచ్చింది ఆ అడవిలోనే. అర్జునుడు దివ్యాస్త్రాలకోసం వెళ్లిపోయి, మనసు బొత్తిగా కుంగిపోయినవేళ ధర్మరాజు బృహదశ్వుడనే మునిని అడుగుతాడు, తనకన్న దురదృష్టవంతుడైన రాజు ఎవరైనా ఉన్నాడా అని. ఉన్నాడని ఆయన నలుడి కథ చెబుతాడు. కథ చెప్పి ఊరుకోలేదు. జూదంలో ఓడినవాడికి జూదపు రహస్యం, అక్షహృదయం, నేర్పి మరీ వెళ్లాడు. పక్కన కూర్చుని కథ చెప్పి, పోతూ పోతూ ఒక విద్య చేతిలో పెట్టిపోవడం — స్నేహమంటే ఇంతకన్న ఏముంటుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకూ ఒక స్నేహితుడు దొరికాడు.

ఆయన డెబ్బై ఏళ్ల నేతపనివాడు. రోజూ పదిగంటలకి గ్రంథాలయానికి వచ్చి పేపరు చదువుకునేవారు. కంటికి శుక్లాల ఆపరేషను అయింది. ఒకనాడు నా దగ్గరికి వచ్చి, “మాస్టారూ, ఈ సన్నక్షరాలు ఆనడం లేదు. కాస్త చదివి పెడతారా?” అన్నారు. చదివాను. మర్నాడూ చదివాను. మూడోనాడు పేపరు మడిచిపెట్టి, “ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఉద్యోగం పోయిందా?” అన్నారు.

బెజవాడలో అయితే నాలుగు రోజుల సెలవు ఇంకా మిగిలి ఉండేది. అక్కడ, ఆయన ముందు, అబద్ధం నోటికి రాలేదు. “పోయింది బాబాయ్” అన్నాను. అమ్మతో అనని మాట, అద్దంలో చూసుకుని కూడా అనని మాట అది.

ఆయన అయ్యోపాపం అనలేదు. “మాదీ అంతే. వానలకి మగ్గం గుంటలో నీళ్లు ఊరాయి. ఈ నెల్లాళ్లూ నేనూ ఖాళీయే” అన్నారు. గుంటమగ్గం ఎరిగినవాళ్లకి ఈ బాధ తెలుస్తుంది. నేతగాడు కాళ్లు పెట్టి తొక్కే గుంటలో నీళ్లు చేరితే మగ్గం ఆగిపోతుంది. మగ్గం ఆగితే కూలీ ఆగుతుంది. నాకైతే అక్షయపాత్ర ఒకటుంది. ఆయనకి అదీ లేదు. కొడుకులిద్దరూ నేత మాని, ఒకరు హైదరాబాదూ, ఒకరు తిరుపూరూ వెళ్లిపోయారు.

వాన వెలిశాక ఒకరోజు నన్ను వాళ్లింటికి తీసుకువెళ్లారు. పాత పడుగు అయిపోయింది. కొత్త పడుగు ఎక్కించాలి. నేను ఆ ఊళ్లో పుట్టి కూడా అదెలా చేస్తారో దగ్గరగా చూడలేదు. పాత పడుగు చివరి పోగుల్ని తీసెయ్యరు. అచ్చులో అలాగే ఉంచుతారు. కొత్త పడుగులోని ఒక్కొక్క పోగునీ తెచ్చి, పాత పోగు కొసకి మెలిపెట్టి అతుకుతారు. అలా వేలకొద్దీ పోగులు. ఆయన భార్య నేలమీద కూర్చుని, కబుర్లు చెబుతూనే అతుకుతున్నది. నేనూ ప్రయత్నించాను. అయిదు పోగులు అతికి, ఆరు తెంపాను. “మాస్టారూ, మీరు పద్యాలు అతుక్కోండి, ఇది మాకు వదిలేయండి” అని ఆవిడ నవ్వింది.

“పని లేని రోజుల్లో చేసే పని ఇది. ఇందులో గజం గుడ్డ కూడా రాదు. ఇది లేకపోతే ఆ తరవాత ఒక్క గజమూ రాదు” అన్నారు బాబాయ్.

ఆ రాత్రి నాకు ఎఱ్ఱన గుర్తుకు వచ్చాడు. మన తెలుగు భారతం సంగతి చూడండి. 11 వ శతాబ్దంలో, రాజమహేంద్రవరంలో, నన్నయ మొదలుపెట్టాడు. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం మధ్యలో కలం ఆగిపోయింది. 13 వ శతాబ్దంలో నెల్లూరి తిక్కన విరాటపర్వంనుంచి అందుకుని చివరిదాకా రాశాడు. నడుమ అరణ్యపర్వం మిగతా భాగం మాత్రం అలాగే ఉండిపోయింది. మన ఆదికావ్యానికే ఇంత పెద్ద విరామం! 14 వ శతాబ్దంలో ఎఱ్ఱన వచ్చి దాన్ని పూరించాడు. ఆయన ఉన్న రెడ్డిరాజుల అద్దంకి మా వేటపాలేనికి ఎంతో దూరం లేదు. అంతటి కవి, తన ప్రభువుకి అంకితం ఇచ్చుకోవచ్చు. అలా చేయలేదు. నన్నయ మాట మధ్యలో ఆగింది గనక, నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే అంకితంగా, నన్నయ రాసినట్టుగానే ముగించాడు. ఆరంభంలో నన్నయ శైలిలో మొదలుపెట్టి మెల్లమెల్లగా తిక్కన శైలికి దగ్గరగా తెచ్చాడని విమర్శకులు మెచ్చుకుంటారు. పాత పోగు కొసకి కొత్త పోగు మెలిపెట్టడమంటే అదే. ఈ సంగతి ఇరవై ఏళ్లు క్లాసులో చెప్పినవాణ్ణి, పడుగు అతుకుతుంటే చూసినదాకా నాకే అర్థం కాలేదు.

ఈ మాట బాబాయికి చెప్పాను. ఆయన సంబరపడిపోయి, “మా వీధి రామమందిరంలో చెప్పండి, నలుగురం వింటాం” అన్నారు. నలుగురే వచ్చారు. వారం తిరిగేసరికి తొమ్మిదిమంది అయ్యారు. రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఒక గంట అరణ్యపర్వం. హాజరుపట్టీ లేదు, మార్కులు లేవు, మధ్యలో గంట కొట్టేవాడు లేడు. అంత హాయిగా నేను ఎన్నడూ పాఠం చెప్పలేదు.

ఇక్కడ భక్తి సంగతి చెప్పాలి. నేను నాస్తికుణ్ణి కాను. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి మరీ ఎక్కువ ఆస్తికుణ్ణి అయ్యాను. తిరుపతి కొండకి నడిచివస్తానని ఒకటి, ఆంజనేయస్వామికి నూటఎనిమిది ప్రదక్షిణలని ఒకటి, ఇలా మొక్కులు పేరబెట్టాను. రోజులు గడిచి కబురు రాకపోయేసరికి లోపల్లోపల స్వామిమీద కోపం కూడా మొదలైంది. నేనేం పాపం చేశాను? ఎవరి సొమ్ము తిన్నాను?

ఒక సాయంత్రం ద్వైతవనంలో ద్రౌపది ధర్మరాజుని నిలదీసే ఘట్టం చెబుతున్నాను. ధర్మాన్ని మనం కాపాడితే అది మనల్ని కాపాడుతుందంటారే, మరి నిన్నెందుకు కాపాడలేదు, పిల్లవాడు బొమ్మలతో ఆడుకున్నట్టు విధాత మనుషులతో ఆడుకుంటున్నాడే అని ఆవిడ కడుపుమంటతో అడుగుతుంది. నేను ఇంకా జవాబు చెప్పకముందే, గుంజకి ఆనుకుని కూర్చున్న ఒక ముసలమ్మ, “అడిగింది సబబే గదయ్యా!” అన్నది. మగ్గాలు అమ్ముకుని కొడుకు ఊరు విడిచి వెళ్లినావిడ. ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్న ఆవిడదీ, నాదీ కూడాను.

తరవాత ధర్మరాజు జవాబు చెప్పాను. ఫలితం చూసుకుని నేను ధర్మం చేయడం లేదు, ఇవ్వవలసింది గనక ఇస్తాను, చేయవలసింది గనక చేస్తాను, ఫలంకోసం ధర్మాన్ని పితుక్కునేవాడు ధర్మంతో వర్తకం చేసేవాడని ఆయన అంటాడు. ఆ మాట చెబుతుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. నూటఎనిమిది ప్రదక్షిణలకి ఒక ఉద్యోగం అని బేరం పెట్టిన వర్తకుణ్ణి అక్కడ నేనొక్కణ్ణే.

అంతటితో సందేహాలన్నీ తీరిపోయాయని చెబితే అది పాలకొట్టు దగ్గర చెప్పిన మాటలాంటిదే అవుతుంది. తీరలేదు. ముసలమ్మ ప్రశ్నకి ధర్మరాజు జవాబు పూర్తిగా సరిపోయిందని ఇప్పటికీ అనలేను. భారతంలో కూడా ఆ జవాబుతో వాదం ఆగలేదు. ఆ తరవాత భీముడు అందుకున్నాడు. కానీ ఒక తేడా వచ్చింది. రామమందిరంలో దణ్ణం పెట్టినప్పుడు అడగడం మానేశాను. ఊరికే దణ్ణం పెట్టి పుస్తకం తెరిచేవాణ్ణి. ముసలమ్మ మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. దేవుడిమీద ఫిర్యాదు ఉన్నా దేవుడి గుడికి వచ్చి కూర్చోవచ్చునని ఆవిణ్ణి చూసే నేర్చుకున్నాను.

శ్రావణమాసం వెళ్లాక, వినాయకచవితికి బెజవాడ వచ్చేశాను. బయలుదేరేముందు అమ్మ జీడిపప్పు పొట్లం కట్టి ఇస్తూ, మొదటిసారి ఆ సంగతి ఎత్తింది. “ఉద్యోగం మాట నాకు ముందే తెలుసురా. కోడలు ఫోను చేసింది. నువ్వు చెబుతావని చూశాను.” ఊళ్లో ప్రతివాళ్లకీ తెలిసిన రహస్యాన్ని నేనొక్కణ్ణీ మోసుకుని తిరిగానన్నమాట!

ఇది రాసేనాటికి నాకు పూర్తి ఉద్యోగం దొరకలేదు. పాత కాలేజీనుంచి కబురు లేదు. ఇంకో కాలేజీలో వారానికి రెండు రోజులు, గంటల లెక్కన జీతం. అది నా వెనకటి జీతంలో మూడోవంతు కూడా కాదు. అబ్బాయి ఫీజుకి మా ఆవిడ గాజులు బ్యాంకులో ఉన్నాయి. అవి తిరిగి వచ్చేదాకా నేను ధర్మరాజునని చెప్పుకోను. ధర్మరాజు మాత్రం ఏం తక్కువ తిన్నాడు లెండి! అయితే రాత్రులు నిద్ర పడుతున్నది. నెలకి రెండు శనివారాలు వేటపాలెం పాసింజరు ఎక్కుతున్నాను. అరణ్యపర్వం ఇంకా అవలేదు. ఎఱ్ఱన భాగంలో ఉన్నాం. బాబాయి మగ్గం మళ్లీ ఆడుతున్నది. కన్ను మాత్రం అంతంతే. అందుకని పేపరు నేను ఫోనులోనే చదివి వినిపిస్తున్నాను. బెజవాడలో నేను ఎదురుచూసిన ఫోను, ఇప్పుడు ఈ పనికి పనికొస్తున్నది.

మొన్న మళ్లీ పాలకొట్టు దగ్గర ఆ పెద్దమనిషే ఎదురయ్యారు. “ఏం మాస్టారూ, దసరా సెలవులా?”

“కాదండీ, ఉద్యోగం పోయింది. వెతుక్కుంటున్నాను” అన్నాను.

ఆయన ఒక్క క్షణం తెల్లబోయారు. అటూ ఇటూ చూశారు. ఆ తరవాత గొంతు తగ్గించి, “మా అల్లుడిదీ పోయిందండీ, మార్చిలో. ఎవరికీ చెప్పలేదు. మీకు తీరికైతే ఒకసారి మా ఇంటికి వచ్చి వాడితో కాస్త మాట్లాడతారా?” అన్నారు.

తీరికకేం, కావలసినంత! ఈ సాయంత్రం వెళుతున్నాను. నలుడి కథతో మొదలుపెడదామని ఉంది.